కోడ్ రాసేవాళ్లకి కంప్యూటర్ బేసిక్స్ నేర్పడం ఎలా

పోయినేడాది మా టీమ్‌లో ఒక కుర్రాడు ఒకటిన్నర రోజు ఒకే సమస్య దగ్గర ఇరుక్కుపోయాడు. జావాలో ఆరేళ్ల అనుభవం, మేమంతా తల పట్టుకునే ఎస్‌క్యూఎల్ క్వెరీలు కూర్చున్నచోటే రాసేస్తాడు. కాన్ఫిగ్ ఫైల్లో పోర్ట్ నంబర్ మారుస్తున్నాడు, సేవ్ చేస్తున్నాడు, సర్వర్ మళ్లీ స్టార్ట్ చేస్తున్నాడు, అది మాత్రం పాత నంబర్‌తోనే లేస్తోంది. క్యాష్ క్లియర్ చేశాడు, ప్రాజెక్ట్ మొత్తం మళ్లీ బిల్డ్ చేశాడు, జావా తీసేసి మళ్లీ వేశాడు. రెండో రోజు లంచ్‌కి కూడా లేవకపోతే నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎడిటర్లో ఫైల్ పేరు మీద మౌస్ పెట్టమంటే పూర్తి పాత్, అంటే ఆ ఫైల్ ఉన్న చోటు అడ్రస్, కనిపించింది. తర్వాత టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) ఏ ఫోల్డర్లో ఉందో చూడమన్నాను. మొదటిది డౌన్‌లోడ్స్‌లో ఉన్న ప్రాజెక్ట్ ఫోల్డర్, రెండోది అదే పేరుతో, చివర బ్రాకెట్లో 1 ఉన్న ఫోల్డర్. జిప్ రెండుసార్లు డౌన్‌లోడ్ అయింది, రెండుసార్లూ ఎక్స్‌ట్రాక్ట్ చేశాడు, మారుస్తున్నది ఒకదాంట్లో, నడుపుతున్నది ఇంకోదాంట్లో.

అర్థం కాగానే మొహం ఎర్రబడింది. "అన్నా, ప్లీజ్, ఎవరికీ చెప్పకు" అన్నాడు. (ఇప్పుడు అతన్ని అడిగాకే, పేరు లేకుండా రాస్తున్నాను.) ఒకటిన్నర రోజు పోయిందని కాదు అతని బాధ, ఈ మాత్రం తెలీదని నాకు తెలిసిపోయిందని. మొదటి రోజు పొద్దున్నే పక్క సీటు వాళ్లని అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలేది, కానీ "సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌వి, ఇది కూడా రాదా" అంటారేమోనన్న భయం అడగనివ్వలేదు.

పధ్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పనిలో ఉన్నాను, ఇలాంటివి చాలా చూశాను. పాత్, ఎక్స్‌టెన్షన్ (ఫైల్ పేరు చివర చుక్క తర్వాతి ముక్క), సీఎస్‌వీ (గడుల్ని కామాలతో విడదీసి రాసిన టెక్స్ట్ ఫైల్) లాంటివి నేర్పడం కష్టమేమీ కాదు, ఒక్కోటి పది నిమిషాల పని. కష్టమంతా ఆ సిగ్గుతోనే. అందుకే ఇందులో ఏం నేర్పాలన్నది ఎంత ఉందో, ఎలా నేర్పాలన్నదీ అంతే ఉంటుంది.

ఎందుకు రాలేదో ముందు తెలుసుకోండి

మా తరం కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి మీద నేర్చుకుంది. ప్రోగ్రామ్ కొట్టి ఎఫ్2 నొక్కితే సేవ్, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్. ఎక్కడ సేవ్ అయిందంటే బిన్ అనే ఫోల్డర్లో, క్లాసులో అందరి ప్రోగ్రాములూ అక్కడే గుట్టగా పడి ఉండేవి, ఒకరి ఫైల్ మీద ఇంకొకరు అదే పేరుతో సేవ్ చేసేసేవాళ్లు. ఆ బిన్ ఏంటో, మన ఫైల్ అక్కడికి ఎందుకు వెళ్లిందో ఎవరూ చెప్పలేదు, రికార్డులో అవుట్‌పుట్ రాసి సంతకం పెట్టించుకుంటే ఆ రోజుకి అయిపోయినట్టే. ఆ తర్వాత అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల కోర్ జావా, ఒరాకిల్, డాట్‌నెట్ అన్నీ దొరికేవి, బాగా చెప్పేవాళ్లు కూడా ఉండేవాళ్లు, అక్కడ చదువుకునే నేనూ ఉద్యోగం తెచ్చుకున్నాను. కానీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత్ (ప్రోగ్రాముల కోసం ఏ ఫోల్డర్లలో వెతకాలో సిస్టమ్‌కి చెప్పే సెట్టింగ్) పెట్టే దగ్గరికి వస్తే "ఇది కాపీ చేసి అక్కడ పేస్ట్ చేయండి" అన్నారే తప్ప అది ఏం చేస్తుందో చెప్పే టైమ్ ఎవరికీ లేదు. నాకు ఆ ముక్క అర్థమయ్యేసరికి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది.

తర్వాత వచ్చిన పిల్లలది వేరే దారి. 2016లో జియో వచ్చేసరికి స్కూల్లోనో ఇంటర్‌లోనో ఉన్నవాళ్లు వీళ్లు. ఫొటో అంటే గ్యాలరీలో ఉంటుంది, పీడీఎఫ్ అంటే వాట్సాప్‌లో ఉంటుంది, దొరక్కపోతే సెర్చ్ కొడతారు. ఫోల్డర్ లోపల ఫోల్డర్ అనే ఆలోచనతో వాళ్లకి పనే పడలేదు. అలాంటివాళ్లు ఫోన్ యాప్ తయారు చేయగలరు, మోడల్ ట్రైన్ చేయగలరు, కానీ "ఆ ఫైల్ ప్రాజెక్ట్ రూట్‌లో (అన్నిటికంటే పై ఫోల్డర్లో) పెట్టు" అంటే ఒక్క క్షణం ఆగిపోతారు.

ఇది కుర్రవాళ్లకే ఉందనుకుంటే పొరపాటు. నాతో పనిచేసిన ఒక మేడమ్ ఇరవై ఏళ్లు యూనిక్స్ సర్వర్ల మీదే గడిపారు, షెల్ స్క్రిప్ట్ ఎక్కడా చూడకుండా రాస్తారు. ఎక్సెల్‌లో ఎవరో ఫిల్టర్ పెట్టి పంపిన షీట్ తెరిచి, 40 వరుసలే కనిపిస్తున్నాయి, మిగతావి డిలీట్ అయిపోయాయని టెన్షన్ పడి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. ఎడమ పక్క వరుస నంబర్లు నీలం రంగులో ఉన్నాయా, మధ్యమధ్యలో ఎగిరిపోతున్నాయా అని అడిగాను, అవునన్నారు, ఫిల్టర్ తీయిస్తే అన్నీ వచ్చేశాయి. ఎవరి పని వాళ్లని ఎటు తీసుకెళ్తే అటు లోతు పెరుగుతుంది, తొక్కని దారిలో గడ్డి మొలుస్తుంది.

పరీక్ష పెట్టకుండా కనిపెట్టండి

ఒకసారి నేను "కంప్యూటర్ బేసిక్స్" అని మీటింగ్ పెట్టాను, పదహారు మందికి పంపితే ఇద్దరు వచ్చారు. రావలసినవాళ్లు ఒక్కరూ రాలేదు. ఆ పేరున్న మీటింగ్‌కి వస్తే తమకి రాదని ఒప్పుకున్నట్టే కదా, ఎందుకొస్తారు? తర్వాత అదే సరుకుని శుక్రవారం టీమ్ మీటింగ్ చివర పదిహేను నిమిషాలు, "ఈ వారం నాకు టైమ్ కలిసొచ్చిన పని" అని పెట్టి, వారానికొకరు చూపించేలా చేశాం. అప్పుడు అందరూ ఉన్నారు, అడిగారు, రాసుకున్నారు.

క్విజ్‌లు, స్కిల్ మ్యాట్రిక్స్ షీట్లు వద్దు. షీట్లో అందరూ తమకి ఐదుకి నాలుగు వేసుకుంటారు. దానికంటే స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు గమనించండి. ఫైల్ వెతకడానికి డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ కళ్లతో గాలిస్తున్నారా, కాపీ చేయడానికి ప్రతిసారీ రైట్ క్లిక్ దగ్గరికి వెళ్తున్నారా, ఆఫీసు లోపలి టూల్ వెబ్ అడ్రస్‌ని గూగుల్‌లో టైప్ చేసి మొదటి రిజల్ట్ నొక్కుతున్నారా, మూసేసిన ట్యాబ్ కోసం మళ్లీ మొదటి నుంచి లాగిన్ అవుతున్నారా, ఒక ఫైల్‌కి ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కొత్తది అని పేర్లున్నాయా. చూసిన వెంటనే అందరి ముందూ సరిచేయకండి. మనసులో పెట్టుకుని, ఆ పూటే విడిగా ఉన్నప్పుడు చెప్పండి.

పక్కన కూర్చున్నప్పుడు

మౌస్ లాక్కోవద్దు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. మన చేతిలో ఐతే పది సెకన్లలో అయిపోతుంది, నిజమే, కానీ వాళ్లకి మిగిలేది ఒక మెరుపు, స్క్రీన్ మీద ఏదో జరిగింది, బాగైపోయింది, మళ్లీ వచ్చే వారం అదే సమస్యతో మన దగ్గరికే రావాలి. చేతులు కట్టుకుని కూర్చుని నోటితో చెప్పండి, వాళ్ల చేత చేయించండి, అయ్యాక ఒకసారి వెనక్కి తీసుకెళ్లి మళ్లీ చేయించండి. రెండోసారి మీరు ఏమీ మాట్లాడకండి.

"సింపుల్", "జస్ట్", "ఏం లేదు, జస్ట్ ఇది నొక్కు" అనే మాటలు మానుకోవడం నాకు చాలా కాలం పట్టింది. రానివాడికి సింపుల్ అని చెబితే వాడికి రెండు దెబ్బలు, రాకపోవడం ఒకటి, సింపులైంది రాకపోవడం ఇంకోటి. దానికి బదులు "ఇది నాకు ఫలానా ప్రాజెక్ట్‌లో తెలిసింది" అనండి, మీకూ ఒక రోజు దాకా తెలీదని వాళ్లకి అర్థమవుతుంది. అది నిజం కూడా.

గ్రూప్ చాట్‌లో అడిగిన ప్రశ్నకి గ్రూప్‌లోనే జవాబివ్వండి, కానీ విడిగా అడిగినదాన్ని గ్రూప్‌లోకి లాగొద్దు. ఇంకో సంగతి, పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు మన ఆఫీసుల్లో ఒక ఇబ్బంది ఉంటుంది, మేనేజర్ గారికి మనం చెప్పడమేంటి అని. అక్కడ నేను "సార్, మీరు షేర్ చేసేటప్పుడు ఇది నొక్కితే అందరికీ పెద్దగా కనిపిస్తుంది" అని పనికి ముడిపెట్టి చెబుతాను. ఇప్పటిదాకా ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

ముందు పాత్, మిగతావన్నీ తర్వాత

ఒక్కటే నేర్పే టైమ్ ఉంటే ఇది నేర్పండి, ఎందుకంటే "నా మెషీన్‌లో పనిచేస్తోంది, అక్కడ చేయట్లేదు" అనే గొడవల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంటుంది.

నేను చెప్పే పద్ధతి ఇది. ఉత్తరం మీద అడ్రస్ ఎలా రాస్తాం, ఇంటి నంబర్, వీధి, ఊరు, మండలం, జిల్లా. పాత్ అంటే దాన్ని తిరగేసి రాయడం, జిల్లా దగ్గర మొదలుపెట్టి ఇంటి నంబర్ దాకా రావడం. సి డ్రైవ్ జిల్లా, యూజర్స్ మండలం, మీ పేరున్న ఫోల్డర్ ఊరు, డౌన్‌లోడ్స్ వీధి, ఫైల్ ఇల్లు. ఇలా పూర్తిగా రాస్తే దేశంలో ఎక్కడ నిలబడి పోస్ట్ చేసినా చేరుతుంది, అది అబ్సల్యూట్ పాత్. "రామాలయం వెనక మూడో ఇల్లు" అంటే? ఆ ఊళ్లో ఉన్నవాడికి చాలు, పక్క ఊళ్లో నిలబడి అలాగే వెళ్తే వేరే రామాలయం వెనక వేరేవాళ్ల ఇంట్లో తేలతాం. అది రిలేటివ్ పాత్. మీ టెర్మినల్ ఇప్పుడు ఏ ఊళ్లో నిలబడి ఉందో అదే కరెంట్ డైరెక్టరీ. మొదట్లో చెప్పిన కుర్రాడి ఒకటిన్నర రోజూ పక్క ఊరి రామాలయం దగ్గరే పోయింది.

చెప్పాక చేయించండి. ఒక ఫోల్డర్ తయారు చేయమనండి, అందులో ఒక ఫైల్ పెట్టమనండి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్లో పైన అడ్రస్ బార్ మీద క్లిక్ చేస్తే పాత్ మొత్తం అక్షరాల్లో కనిపిస్తుందని చూపించండి. అదే అడ్రస్ బార్లో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ సరిగ్గా ఆ ఫోల్డర్లోనే తెరుచుకుంటుంది, ఇది చూసినప్పుడు చాలామంది కళ్లు పెద్దవి చేస్తారు. విండోస్ 11లో ఫైల్ మీద ఒకసారి నొక్కి కంట్రోల్ షిఫ్ట్ సి కొడితే దాని పూర్తి పాత్ కాపీ అవుతుంది. మ్యాక్‌లో ఐతే ఫైండర్ వ్యూ మెనూలో పాత్ బార్ ఆన్ చేస్తే కింద ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది, కమాండ్ ఆప్షన్ సి తో కాపీ అవుతుంది. పాత్‌లో ఖాళీలుంటే టెర్మినల్లో కోట్స్ మధ్య పెట్టాలని అప్పుడే చెప్పేయండి, ఆ మర్నాడే అవసరం పడుతుంది.

తర్వాత వాళ్ల డెస్క్‌టాప్ పాత్ చూపించండి. చాలా ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటుంది, అప్పుడు డెస్క్‌టాప్ అసలు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి వెళ్లిపోతుంది. స్క్రిప్ట్‌లో పాత డెస్క్‌టాప్ పాత్ రాసి ఫైల్ దొరకట్లేదని కొట్టుకునేవాళ్లని ఎంతమందిని చూశానో. అసలు ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని అక్కడ పెట్టకపోవడమే మేలు, వేల చిన్న ఫైళ్లని అది సింక్ చేస్తూ కూర్చుంటుంది, పాత్ కూడా పొడుగైపోతుంది, విండోస్‌లో పాత 260 అక్షరాల పరిమితి ఇంకా చాలాచోట్ల తగులుతూనే ఉంది. సి డ్రైవ్‌లో పైనే చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకోమనండి.

జిప్ గురించి కూడా ఇక్కడే. విండోస్‌లో జిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది, అదే చిక్కు. లోపలున్న ప్రోగ్రామ్‌ని అక్కడి నుంచే నడిపితే ఆ ఒక్క ఫైలే టెంప్ ఫోల్డర్లోకి వెళ్లి నడుస్తుంది, పక్కనే ఉండాల్సిన మిగతా ఫైళ్లు దానికి దొరకవు. ముందు ఎక్స్‌ట్రాక్ట్, తర్వాతే ఏదైనా.

ఇక ఎక్స్‌టెన్షన్. విండోస్ వాటిని మామూలుగా దాచి ఉంచుతుంది, టెక్నికల్ పనిలో ఉన్న ఎవరి మెషీన్‌లోనైనా ఇది మొదటి రోజే మార్చాల్సిన సెట్టింగ్. వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. ఇది ఆఫ్‌లో ఉన్నప్పుడు నోట్‌ప్యాడ్‌లో డాట్ ఈఎన్‌వీ ఫైల్ (ప్రోగ్రామ్ సెట్టింగులు రాసుకునే ఫైల్) సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలించేస్తుంది, మనకి కనిపించదు, ప్రోగ్రామ్ మాత్రం ఫైల్ లేదంటుంది. ఎక్స్‌టెన్షన్ మార్చినంత మాత్రాన ఫైల్ మారదని కూడా చెప్పాలి. ఎక్సెల్ ఫైల్ పేరు చివర సీఎస్‌వీ అని రాసి పంపినవాళ్లున్నారు.

పెద్దక్షరాలు, చిన్నక్షరాలు విండోస్‌కి మామూలుగా ఒకటే, లైనక్స్‌కి వేరు వేరు. ల్యాప్‌టాప్‌లో నడిచి సర్వర్‌లో ఫైల్ దొరకలేదంటే పేరులో ఒక అక్షరం సైజు చూడండి.

ఎర్రర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే

మా దగ్గరికి వచ్చేవి ఎలా ఉంటాయంటే, మానిటర్‌ని వంకరగా తీసిన ఫొటో, మీద ట్యూబ్‌లైట్ మెరుపు, కింద "అన్నా ఇలా వస్తోంది" అని ఒక లైన్. దాంట్లో ఎర్రర్ మొదటి సగమే ఉంటుంది, అసలు కారణం స్క్రీన్ కిందికి వెళ్లిపోయి ఉంటుంది.

"టెక్స్ట్ పంపు" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకోవద్దు, టెక్స్ట్ ఎలా తీయాలో తెలీకే ఫొటో పంపారు. విండోస్‌లో మామూలు ఎర్రర్ డబ్బా వచ్చినప్పుడు దాని మీద ఉండగా కంట్రోల్ సి కొడితే చాలాసార్లు అందులో ఉన్నదంతా కాపీ అయిపోతుంది, పేస్ట్ చేస్తే టెక్స్ట్ వస్తుంది. ఇది పదేళ్లు పనిచేసినవాళ్లకి కూడా చెప్పాను, ఒక్కరికీ ముందు తెలీదు. టెర్మినల్లో మౌస్‌తో సెలెక్ట్ చేసి కాపీ చేయాలి, కానీ చాలా టెర్మినళ్లలో ఏదీ సెలెక్ట్ చేయకుండా కంట్రోల్ సి కొడితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగిపోతుంది, ఆ భయంతోనే చాలామంది టెర్మినల్లో కాపీ జోలికే వెళ్లరు. అది విప్పి చెబితే సగం పని అయినట్టే. జావా ఎర్రర్ ఐతే "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లలో ఆఖరిది వెతకమనండి, మిగతా వంద లైన్లూ దాని చుట్టూ అల్లుకున్నవే.

టెక్స్ట్ ఎందుకో కారణం కూడా చెప్పండి. టెక్స్ట్ ఐతే వెతకొచ్చు, రేపు ఇదే ఎర్రర్ ఇంకొకరికి వచ్చినప్పుడు చాట్‌లో సెర్చ్ చేస్తే మీ మెసేజ్ దొరుకుతుంది. ఫొటోలో సున్నాకి, ఓ అనే అక్షరానికి తేడా తెలీదు. బటన్ పక్కకి జరిగింది, రంగు తప్పొచ్చింది లాంటి కంటికి కనిపించే సమస్యలకి స్క్రీన్‌షాట్ సరైనదే, విండోస్ కీ షిఫ్ట్ ఎస్ నొక్కితే కావలసిన ముక్కే వస్తుంది. ఏం చేశాను, ఏం అవుతుందనుకున్నాను, ఏం అయింది, దాని కింద ఎర్రర్. ఇలా రాయడం అలవాటైతే రాస్తుండగానే సగంమందికి జవాబు తట్టేస్తుంది. లాగ్‌లో పాస్‌వర్డ్, టోకెన్ లాంటివి ఉంటే చెరిపేసి పంపాలని మాత్రం గట్టిగా చెప్పండి.

ఎక్సెల్, సీఎస్‌వీ

ఇది నాకు బాగా పట్టిన విషయం, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగినట్టు ఎవరికీ తెలీదు. ఎర్రర్ రాదు, ఎర్ర గీత పడదు, డేటా చప్పుడు లేకుండా మారిపోతుంది.

సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరిచి ప్రతి గడిలో ఏముందో తనకి తోచినట్టు ఊహిస్తుంది. ఉద్యోగి కోడ్ 00457 ఉంటే నంబర్ అనుకుని 457 చేస్తుంది. 12 అంకెల ఆధార్ నంబర్‌ని మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 11 పెట్టి కుదించి చూపిస్తుంది. ఆధార్ విషయంలో ఇంతవరకూ అసలు అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, కానీ ఆ స్థితిలో మళ్లీ సీఎస్‌వీగా సేవ్ కొట్టారంటే తెర మీద కనిపించిందే ఫైల్లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోయినట్టే. 16 అంకెల కార్డ్ నంబర్ ఐతే ఇంకా ఘోరం, ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది సున్నా ఐపోతుంది. అందుకే తెరిచి చూద్దామనుకున్నా డబుల్ క్లిక్ వద్దు. ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ అనే దాంట్లోంచి తెచ్చుకుని, అలాంటి కాలమ్‌లని టెక్స్ట్ అని చెప్పాలి. ఊరికే చూడ్డానికే ఐతే నోట్‌ప్యాడ్ చాలు.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలేది తెలుగు. పేర్లూ ఊళ్లూ తెలుగులో ఉన్న సీఎస్‌వీని అలాగే తెరిస్తే ప్రతి అక్షరం స్థానంలో నెత్తిన గీతున్న చిన్న ఇంగ్లీష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, అలా వరసగా చెత్త కనిపిస్తుంది. ఫైల్ పాడైందని మళ్లీ పంపమంటారు, మళ్లీ అదే వస్తుంది. ఫైల్ బాగానే ఉంది. అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడుతుంది, ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేరే గుర్తులుగా చదివింది, అంతే. పైన చెప్పిన దారిలోనే తెచ్చుకుంటూ ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ ఎంచుకుంటే చక్కగా తెలుగు కనిపిస్తుంది. మీరు పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యుటిఎఫ్-8 అని ఉన్నది ఎంచుకోండి, మామూలుదాంట్లో సేవ్ చేస్తే తెలుగు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, అప్పుడు నిజంగానే పోయినట్టు.

ఇవి తెలీనివాళ్లు చేసే తప్పులని ఎవరైనా అంటే వాళ్లకి రెండు సంగతులు చెప్పండి. 2020లో ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ కోవిడ్ కేసుల్ని పోగుచేసే చోట పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్ వాడారు, అందులో షీట్‌కి 65,536 వరుసలే పడతాయి, మిగతావి రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వాళ్లతో కలిసి తిరిగినవాళ్లని వెతకడం ఆ మేరకు ఆలస్యమైంది. అదే ఏడాది జన్యువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లు మార్చేసినట్టు చెప్పింది, ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 1 అనుకుని తేదీలుగా మార్చేస్తోందని. అంతటి శాస్త్రవేత్తలే పేర్లు మార్చుకోవాల్సి వచ్చింది.

తేదీలంటే గుర్తొచ్చింది, అమెరికా క్లయింట్‌తో పనిచేసేవాళ్లు 03/04 అని ఎప్పుడూ రాయొద్దు. మనకి అది ఏప్రిల్ 3, వాళ్లకి మార్చి 4. ఒక రిలీజ్ విషయంలో మా టీమ్, అవతలి టీమ్ వేరే వేరే తేదీలు మనసులో పెట్టుకుని రెండు వారాలు మెయిళ్లు నడిపాం. 2025-04-03 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే ఎవరికీ అనుమానం రాదు, ఫైల్ పేర్లలో పెడితే వరుసక్రమంలో కూడా వస్తాయి.

చిన్నవి, కానీ రోజూ పనికొచ్చేవి

రీస్టార్ట్‌కీ షట్‌డౌన్‌కీ తేడా ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని పొద్దున మళ్లీ దాన్నే లేపుతుంది. రోజూ ఆఫ్ చేసే ఇంటికెళ్తున్నా ల్యాప్‌టాప్ నత్తనడక ఎందుకు నడుస్తోందని అడిగేవాళ్లకి జవాబు చాలాసార్లు ఇదే. టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ పేజీలో అప్‌టైమ్ చూడండి, రోజూ ఆఫ్ చేసే మెషీన్ కూడా పన్నెండు రోజులని చూపించొచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది.

విండోస్ కీ వి నొక్కితే క్లిప్‌బోర్డ్ హిస్టరీ, మొదటిసారి ఆన్ చేయమంటుంది, ఆ తర్వాత చివర కాపీ చేసిన 25 వరకూ ఉంటాయి. కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా అందులో ఉండిపోవచ్చని గుర్తుంచుకోండి. మూసేసిన ట్యాబ్‌కి కంట్రోల్ షిఫ్ట్ టి. పేరు మార్చడానికి ఎఫ్2. సీట్లోంచి లేస్తే విండోస్ కీ ఎల్. మీటింగ్‌లో స్క్రీన్ మొత్తం కాకుండా ఒక్క విండో మాత్రమే షేర్ చేయండి, జీతం స్లిప్ మెయిల్ నోటిఫికేషన్ అందరి ముందూ పడటం నేను చూశాను, ఆ మనిషి రెండు రోజులు తలెత్తుకోలేదు.

వర్డ్‌లోనో చాట్‌లోనో రాసిన కమాండ్‌ని కాపీ చేస్తే కోట్స్ వంపు తిరిగిపోయి ఉండొచ్చు, టెర్మినల్‌కి అవి కోట్స్ కావు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి గంటలు పోతాయి. చేత్తో మళ్లీ టైప్ చేయండి.

ఇలాంటివి ఒకేరోజు పది చెప్పకండి. వారానికొకటి, అది కూడా ఆ పని పడినప్పుడు.

రానిది మీకే ఐతే

ముందు ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకోండి, పనిలో "ఇది ఎలా చేశారో నాకు తెలీదు" అనిపించిన ప్రతిసారీ ఒక లైన్ రాసుకోండి. ఎవరైనా స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడు ఏదో చకచకా జరిగిపోతే "ఒక్క నిమిషం, ఇప్పుడేం నొక్కారు?" అని అక్కడే ఆపండి. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు, చాలాసార్లు అదే మీటింగ్‌లో ఇంకో ముగ్గురు మీరు అడిగినందుకు లోపల్లోపల సంతోషిస్తారు. దేనిమీదైనా అరగంట మించి ఇరుక్కుంటే అడగడం అని ఒక హద్దు పెట్టుకోండి. అడిగేటప్పుడు "నాకు కంప్యూటర్ రాదు" అని మొదలుపెట్టకండి, "ఈ ఫైల్ ఇక్కడ సేవ్ చేశాను, ప్రోగ్రామ్‌కి దొరకట్లేదు, నేను చూసినవి ఇవీ" అనండి.

ఎవరైనా నవ్వితే? నవ్వేవాళ్లుంటారు, ఉండరని చెప్పను. ఇంకొకరిని అడగండి. ఆ నవ్విన మనిషితో విడిగా మాట్లాడాల్సిన బాధ్యత మీ టీమ్ లీడ్‌ది, అది నేను రెండుసార్లు చేశాను.

కొత్తవాళ్లు వచ్చిన రోజు

ఇప్పుడు మా టీమ్‌లో ఎవరు చేరినా, పదేళ్ల అనుభవమున్నా నిన్న కాలేజీలోంచి వచ్చినా, మొదటి రోజు అరగంట ఒకరు పక్కన కూర్చుంటారు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా చేయడం, ప్రాజెక్ట్‌కి సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టించడం, పాత్ కాపీ చేయించడం, క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేయించడం, ఎర్రర్ ఎలా పంపాలో ఒక ఉత్తుత్తి ఎర్రర్‌తో చేసి చూపించడం. అందరికీ ఒకటే కాబట్టి ఎవరికీ తమకే చెబుతున్నారనిపించదు. మొన్న చేరిన అమ్మాయికి ఆ అరగంట కూర్చున్నది, రెండు ఫోల్డర్ల దగ్గర ఇరుక్కున్న ఆ కుర్రాడే. నేను వెనక నుంచి వెళ్తుంటే "ఎడిట్ చేస్తున్న ఫైల్ పాత్, రన్ చేస్తున్న ఫోల్డర్ పాత్, రెండూ పక్కపక్కన పెట్టి చూడు, నాకు ఒకసారి దీని దగ్గర ఒకటిన్నర రోజు పోయింది" అని మామూలుగా చెబుతున్నాడు.